ఇస్నోఫీలియా జబ్బు పేరు కాదు

(స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "ఆరోగ్యం మీద ఓ అరగంట మాట్లాడరా. షుగరు, బీపీ మాత్రం వద్దు. అవి అందరికీ ఉన్నాయి, అందరికీ తెలుసు" అన్నాడు. మరి దేని గురించి మాట్లాడాలా అని ఆలోచిస్తుంటే, మన ఊళ్లో చిన్నప్పటి నుంచీ ప్రతి ఇంట్లో విన్న మాట గుర్తొచ్చింది. ఇస్నోఫీలియా.

"మావాడికి ఇస్నోఫీలియా అండీ, ఐస్‌క్రీమ్ పెట్టకండి." "మా కోడలికి పెళ్లికి ముందు నుంచే ఇస్నోఫీలియా అంట." తుమ్మినా, దగ్గినా, ఒళ్లు దురద పెట్టినా మన దగ్గర అదే పేరు. ఇంగ్లీషులో అదేదో రోగం పేరని మనందరి నమ్మకం. ముప్పై ఎనిమిదేళ్లుగా వైద్యం చేస్తున్నాను. ఈ మాట వినని వారం లేదు.

ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇస్నోఫీలియా జబ్బు పేరు కాదు. జ్వరం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. జ్వరం వచ్చిందంటే టైఫాయిడా, మలేరియానా అని అడుగుతాం కదా? ఇస్నోఫీలియా ఉందంటే కూడా ఎందుకుందని అడగాలి. ఆ ప్రశ్న అడగకుండా మందు రాసి, నేను ఒక మనిషిని పోగొట్టుకున్నాను. ఆ సంగతి కూడా చెబుతాను. ఇన్నేళ్ల తర్వాత మన బడిలో నిలబడి దాచుకోవడం బాగుండదు.

ముందు ఆ కణం సంగతి. మన రక్తంలో తెల్లకణాలు అయిదు రకాలు. వాటిలో ఒకటి ఇసినోఫిల్. 1879లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ యువ వైద్యుడు రక్తపు చుక్కలకు రకరకాల రంగులు పట్టించి చూస్తుంటే, ఈ కణంలోని రేణువులు ఇయోసిన్ అనే ఎర్ర రంగును బాగా పీల్చుకున్నాయి. ఇయోసిన్ అనే పేరు గ్రీకుల ఉషోదేవత ఇయోస్ పేరు మీద వచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే నిజంగానే తెల్లవారుజామున తూర్పు దిక్కులా ఎర్రగా ఉంటుంది ఆ కణం. ఎముకల మూలుగలో పుట్టి, రక్తంలో కొన్ని గంటలు మాత్రమే ఉండి, పేగుల్లాంటి చోట్లకు చేరుకుంటుంది. పురుగుల మీద పోరాడటం దాని పనుల్లో ఒకటి. దాని రేణువుల్లోని విషం పురుగునే కాదు, ఎక్కువైతే మన గుండెనీ, నరాల్నీ కూడా దెబ్బతీస్తుంది. అందుకే లెక్క ముఖ్యం.

ఈ లెక్క దగ్గరే చాలామంది పొరబడతారు. రిపోర్టులో "ఇసినోఫిల్స్ 10 శాతం" అని ఉంటుంది. పక్కన నక్షత్రం గుర్తు. ఇంటిల్లిపాదికీ బెంగ. శాతం ఒక్కటే చూస్తే లాభం లేదు. మన లెక్కల మాస్టారు ఉంటే, "దేంట్లో పది శాతం?" అని అడిగేవారు. మొత్తం తెల్లకణాలు 4,500 ఉన్న మనిషికి పది శాతం అంటే 450. అది మామూలే. తెల్లకణాలు 14,000 ఉన్న మనిషికి ఏడు శాతమే అయినా 980. అది ఎక్కువ. మైక్రోలీటరు రక్తంలో 500 దాకా మామూలు. 500 నుంచి 1,500 వరకు కొద్దిపాటి పెరుగుదల. 1,500 నుంచి 5,000 వరకు ఓ మోస్తరు. అది దాటితే తీవ్రం. రిపోర్టులో అబ్సల్యూట్ ఇసినోఫిల్ కౌంట్ అని ఉండేది ఈ అంకే. దాన్నే చూడండి. ఈ అంకె పొద్దున తక్కువగా, రాత్రి ఎక్కువగా ఉంటుంది కాబట్టి, రెండు పరీక్షల్లో కాస్త తేడా వస్తే కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

ఎండీ పూర్తిచేసి ఒక చిన్న టౌనులో ప్రాక్టీసు పెట్టిన కొత్త. యాభై ఏళ్ల వ్యవసాయ కూలీ ఒకాయన ఆయాసంతో వచ్చాడు. ఛాతీలో పిల్లికూతలు. రక్తంలో తెల్లకణాలు 11,000, అందులో ఇసినోఫిల్స్ 14 శాతం. అంటే 1,540. ఆస్తమా అనుకున్నాను. ప్రెడ్నిసోలోన్ రాశాను. అది స్టెరాయిడ్. రెండు రోజుల్లో ఆయాసం తగ్గింది. మూడోనాడు సంచీ నిండా జామకాయలు తెచ్చిచ్చాడు. మాత్రలు ఆపితే మళ్లీ ఆయాసం. మళ్లీ రాశాను. అలా ఆరు వారాలు గడిచాయి. మలపరీక్ష చేయించలేదు. పొలంలో చెప్పుల్లేకుండా తిరుగుతావా అని అడగలేదు. నడుం మీద ఎప్పుడైనా ఎర్రటి గీతలా దురద పాకిందా అని అడగలేదు.

ఆరో వారం చివర కడుపునొప్పి, వాంతులు, జ్వరం, ఊపిరాడకపోవడం. రక్తపరీక్షలో ఈసారి ఇసినోఫిల్స్ సున్నా. ఆ సున్నా చూసి నేను ధైర్యపడ్డాను కూడా. ఆ రాత్రి పెద్దాసుపత్రికి పంపించాం. అక్కడి పాథాలజిస్టు నన్ను పిలిచి, "ఇది చూడండి" అని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఆయన కఫంలో పురుగు పిల్లలు కదులుతున్నాయి. నాలుగో రోజు ఆ మనిషి చనిపోయాడు.

ఆ పురుగు పేరు స్ట్రాంజిలాయిడిస్. కంటికి కనిపించనంత చిన్నది. తడి మట్టిలో ఉండి, చెప్పుల్లేని కాలి చర్మంలోంచి దూరి, ఊపిరితిత్తుల మీదుగా పేగులకు చేరుతుంది. మిగతా చాలా పురుగులకు లేని గుణం దీనికి ఒకటుంది. మనిషి లోపలే పిల్లలు పెట్టి, ఆ పిల్లలే మళ్లీ అదే ఒంట్లోకి దూరి, దశాబ్దాల తరబడి ఉండిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో థాయ్‌లాండ్–బర్మా రైలుమార్గం మీద పనిచేయించిన యుద్ధఖైదీల్లో, వాళ్లు స్వదేశాలకు వెళ్లిన ముప్పై, నలభై ఏళ్లకు కూడా ఈ పురుగు బయటపడింది. ఒంట్లో రోగనిరోధక శక్తి బాగున్నంత కాలం అది అణిగి ఉంటుంది. స్టెరాయిడ్ ఇచ్చామా, ఆ కాపలా పోతుంది. పిల్లలు లక్షల్లో పెరిగి ఊపిరితిత్తులు, మెదడు దాకా పాకుతాయి. పోతూ పోతూ పేగుల్లోని బ్యాక్టీరియాను రక్తంలోకి మోసుకుపోతాయి. ఇసినోఫిల్స్ సున్నా కావడం ఆయన కోలుకున్నందుకు గుర్తు కాదు. నేనిచ్చిన మందు, లోపల ముదిరిన ఇన్‌ఫెక్షను కలిసి ఆ కణాల్ని తుడిచేశాయి.

ఆయన భార్య ఆసుపత్రి వరండాలో నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగింది. "ఆ మాత్రలు వేసుకుంటే తగ్గింది కదండీ?" నేను జవాబు చెప్పలేకపోయాను. నెల తర్వాత వాళ్ల ఊరు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "ఇంకెవరికీ అలా ఇవ్వకండి బాబూ" అంది. ఈ పూట ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఆ మాటే.

మన డెల్టాలో పుట్టి, వరిచేల గట్ల మీద చెప్పుల్లేకుండా పెరిగిన వాళ్లం మనమంతా. ఇప్పుడు కొందరు హైదరాబాదులో, కొందరు డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. అక్కడి డాక్టరుకు మీ చిన్నప్పటి కాళ్లు కనబడవు. ఆస్తమాకో, కీళ్లవాతానికో, కిడ్నీ మార్పిడికో స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు, "నేను ఫలానా ప్రాంతంలో పెరిగాను, స్ట్రాంజిలాయిడిస్ పరీక్ష అవసరమా?" అని మీరే అడగండి. మలపరీక్ష ఒక్కసారి చేస్తే ఇది తరచు దొరకదు. వేర్వేరు రోజుల్లో చేయాలి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష కూడా ఉంది. ఉందని తేలితే ఐవర్‌మెక్టిన్‌తో తగ్గుతుంది. బడిలో పిల్లలకిచ్చే ఆల్బెండజోల్ ఒక్క మాత్రతో ఇది పోతుందని నమ్మడానికి లేదు. కరోనా రోజుల్లో డెక్సామెథసోన్ విరివిగా వాడినప్పుడు, ప్రపంచమంతా వైద్యులు ఈ పురుగు గురించి ఒకరినొకరు హెచ్చరించుకున్నారు.

సరే, ఇది ఒక కారణం. రెండోది మన తెలుగునేలకు బాగా దగ్గరి కథ.

రాత్రి పన్నెండు దాటాక దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, సాయంత్రాలు కొద్దిగా జ్వరం, బరువు తగ్గడం. ఎక్స్‌రేలో చిన్న చిన్న మచ్చలు. ఎవరైనా క్షయ అనుకుంటారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంకు ఇలాంటి వాళ్లు క్షయ పేరుతో వచ్చేవారు. అక్కడి డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, ఆయన సహచరుడు బార్టన్ ఈ తేడా గమనించారు. క్షయలా ఉంది గానీ క్షయ కాదు, రక్తంలో ఇసినోఫిల్స్ విపరీతంగా ఉన్నాయి. 1940లో దీన్ని ప్రచురించారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి ట్రాపికల్ ఇసినోఫిలియా అని పేరు పెట్టారు. ఆర్సెనిక్ ఇంజెక్షన్లతో తగ్గుతోందని కూడా ఆయన రాశారు. బహుశా మన ఇళ్లలోకి ఇస్నోఫీలియా అనే మాట ఈ దారినే వచ్చి ఉంటుంది.

కారణం మాత్రం ఇంకా చాలా ఏళ్లకు గానీ స్థిరపడలేదు. 1960లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ ఇలాంటి రోగుల ఊపిరితిత్తుల కణజాలంలో ఫైలేరియా పిల్లల్ని చూపించారు. బోదకాలు తెచ్చే పురుగే. కొందరి ఒంట్లో దాని మీద ప్రతిఘటన ఎంత తీవ్రంగా ఉంటుందంటే, దాని పిల్లలు రక్తంలో కనిపించకుండా ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుని, ఈ గోలంతా చేస్తాయి. అందుకే వీళ్లకు రాత్రిపూట తీసిన రక్తంలో కూడా పురుగు దొరకదు. ఇసినోఫిల్స్ 3,000 దాటి ఉంటాయి, ఐజీఈ చాలా ఎక్కువగా ఉంటుంది, ఫైలేరియా యాంటీబాడీలు ఉంటాయి. డీఈసీ మాత్రలు మూడు వారాలు వాడితే చాలామంది కొద్దిరోజుల్లోనే తేరుకుంటారు. ఆస్తమా అని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి.

ఆ డీఈసీ మందు, హెట్రజాన్ పేరుతో మన తాతలు మింగినది, ఎక్కడిదో తెలుసా? 1940ల చివర్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో వచ్చింది. భీమవరంలో పుట్టినాయన. ఫైలేరియా మాత్రలు ఇంటింటికీ పంచినప్పుడు, ఆరోగ్య కార్యకర్త వెళ్లగానే వాటిని కిటికీలోంచి పారేసేవాళ్లు ఉంటారు. ఈసారి పారేసే ముందు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.

మూడో కారణం మందులు. ఇక్కడ మన బ్యాచ్ మిత్రుడి కథ. చెప్పడానికి అనుమతి ఇచ్చాడు, పేరు వద్దన్నాడు. ఇప్పటికే నవ్వుతున్నాడు కాబట్టి మీరే కనిపెట్టుకోండి. యూరిక్ యాసిడ్ ఎక్కువైందని అల్లోప్యూరినాల్ మొదలుపెట్టారు. నాలుగో వారంలో జ్వరం, మొహం వాపు, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. వాళ్లింట్లో అందరూ రొయ్యల వేపుడు పడలేదన్నారు. ఇసినోఫిల్స్ 3,800. లివర్ పరీక్షలు మూడింతలు పెరిగాయి. "కొత్తగా ఏం మందు వాడుతున్నావురా?" అని అడిగితే, "ఏమీ లేదు" అన్నాడు. వాళ్లావిడ వెళ్లి చొక్కా జేబులోంచి మాత్రల షీటు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజపిన్, కొన్ని సల్ఫా మందులు, డాప్సోన్ కూడా ఇలా చేయగలవు. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇది వస్తుంది. అందుకే మొన్నటి రొయ్యల మీదకు అనుమానం పోతుంది గానీ, పోయిన నెల మాత్ర మీదకు పోదు. ఆ మందు ఆపాం. లివర్ దెబ్బతింటోంది కాబట్టి స్టెరాయిడ్ ఇచ్చాం.

గమనించారా? అక్కడ ఒక మనిషి ప్రాణం తీసిన మందే ఇక్కడ ఇంకొకడి ప్రాణం కాపాడింది. కారణం తెలిసి ఇవ్వడానికి, తెలియకుండా ఇవ్వడానికి అంత తేడా ఉంది. స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనడం లేదు. ఇప్పటికే వాడుతున్న వాళ్లు నా మాట విని ఇంటికెళ్లి ఒక్కసారిగా మానేయకండి. అదీ ప్రమాదమే.

నాలుగో సంగతి కొంచెం భయపెట్టేది. భయపడమని కాదు, పోల్చుకోవడానికి చెబుతున్నాను. ఒక నలభై ఏళ్ల ఆవిడకు చాలాకాలంగా ఆస్తమా, ముక్కులో కండలు. ఒకరోజు మెట్లు ఎక్కుతుంటే చెప్పు జారిపోతోందని వచ్చింది. పాదం పైకి లేవడం లేదు. ఇసినోఫిల్స్ 9,000. అది రక్తనాళాల వాపు జబ్బు. 1951లో చర్గ్, స్ట్రాస్ అనే పాథాలజిస్టులు దీన్ని వర్ణించారు. ఆస్తమాతో పాటు కాలో చెయ్యో మొద్దుబారడం, పట్టు తప్పడం ఉంటే అది మామూలు ఆస్తమా కాదు. ఆవిడ ఇప్పుడు నడుస్తోంది. ఆ పాదం కొంచెం ఈడుస్తుంది. ఇంకో నెల ముందు వచ్చి ఉంటే అదీ మిగిలేది కాదేమో.

గుండె కూడా అంతే. ఇసినోఫిల్స్ చాలాకాలం ఎక్కువగా ఉంటే గుండె లోపలి పొర దెబ్బతిని, దాని మీద రక్తం గడ్డలు కట్టవచ్చు. అందుకే 1,500 దాటి అలాగే నిలిచిపోతే, మనిషికి ఏ బాధా లేకపోయినా ఈసీజీ, ఎకో, ఛాతీ ఎక్స్‌రే చేయిస్తాం.

పురుగులు లేవు, మందులు కారణం కాదు, ఎలర్జీ కాదు అని తేలాక మూలుగ వైపు చూస్తాం. కొన్ని రక్త క్యాన్సర్లలో, లింఫ్ గ్రంథుల క్యాన్సర్లలో ఇసినోఫిల్స్ పెరుగుతాయి. ప్లీహం పెరిగి, విటమిన్ బి12 అవసరానికి మించి ఎక్కువగా ఉన్న మగవాళ్లలో ప్రత్యేకంగా ఒక జన్యు మార్పు వెతుకుతాం. రెండు జన్యువులు పొరపాటున అతుక్కుపోవడం వల్ల వచ్చే జబ్బు అది. 2003లో బయటపడింది. అంతకుముందు ఈ రోగుల్ని కాపాడుకోవడం చాలా కష్టంగా ఉండేది. ఇప్పుడు ఇమాటినిబ్ మాత్ర, ఇంకో రకం రక్త క్యాన్సరుకు వాడే దానికంటే తక్కువ మోతాదులో, రోజుకు 100 మిల్లీగ్రాములు ఇస్తే చాలు, చాలామందిలో ఇసినోఫిల్స్ మామూలు స్థాయికి వస్తాయి. అంత మంచి మందు ఉన్న జబ్బును పరీక్ష చేయించక వదిలేస్తే అంతకంటే అన్యాయం లేదు.

ఇన్ని చెప్పానని, తుమ్ములొచ్చిన ప్రతివాడూ మూలుగ పరీక్షకు పరుగెత్తకండి. 600, 700 ఉండి, దుమ్ముకు తుమ్ములు, చలికాలంలో కాస్త ఆయాసం ఉన్నవాళ్లలో చాలామందికి ఎలర్జీయే. మిగతా వాళ్లు డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకెళ్లండి. ఒకటి, గత మూడు నెలల్లో మొదలుపెట్టిన ప్రతి మందు. ఆయుర్వేదం, మెడికల్ షాపు వాళ్లిచ్చిన పొట్లం, అన్నీ. రెండు, ఎక్కడ పెరిగారు, ఎక్కడెక్కడ ఉన్నారు, మట్టిలో పని చేశారా. మూడు, పాత రిపోర్టులు. అయిదేళ్లుగా 700 ఉండటం వేరు, పోయిన నెల 300 ఉండి ఈ నెల 4,000 కావడం వేరు. నాలుగు, ఒంట్లో కొత్తగా వచ్చిన మార్పు ఏదైనా. బరువు తగ్గడం, రాత్రి దగ్గు, తిమ్మిరి, ఛాతీ నొప్పి, గడ్డలు, దద్దుర్లు. ఆ కాగితం చాలాసార్లు స్కానింగు కంటే ఎక్కువ చెబుతుంది. ఇంకో మాట. పరీక్షకు ముందు ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షనో మాత్రో ఇచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. గంటల్లోనే ఈ కణాలు తగ్గిపోతాయి. రిపోర్టు శుభ్రంగా వస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది.

ముగించే ముందు ఒక్క విషయం. మన బయాలజీ ల్యాబులో ఒకే మైక్రోస్కోపు ఉండేది. యాభై మందిమి వరుసలో నిలబడేవాళ్లం. తొమ్మిదో తరగతిలో ఉల్లిపొర పెట్టి, మాస్టారు నన్ను చూడమన్నారు. నేను కన్ను పెట్టీ పెట్టకముందే "కణాలు సార్, కణకవచం, కేంద్రకం" అని గడగడా చెప్పేశాను. ఆయన నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, "పుస్తకంలో ఉన్నది నాకూ తెలుసు. ఇందులో నీకేం కనబడుతోందో అది చెప్పు" అన్నారు. మళ్లీ చూశాను. గాలి బుడగ ఒకటి తప్ప ఏమీ కనబడలేదు. అదే చెప్పాను. "ఇప్పుడు నిజం చెప్పావు" అని స్లైడు సర్ది పెట్టారు.

ఆ కూలీ మనిషి వచ్చిన రోజు నేను మళ్లీ పుస్తకంలో ఉన్నదే చెప్పాను మాస్టారూ. ఆయాసం, పిల్లికూతలు, ఇసినోఫిల్స్, కాబట్టి ఆస్తమా. ఆయన పగిలిన అరికాళ్లు నా ఎదురుగానే ఉన్నాయి. చూడలేదు. ఆ తర్వాత నా దగ్గరకొచ్చిన ప్రతివాళ్ల కాళ్లూ చూశాను. మా ఆసుపత్రిలో జూనియర్లు నవ్వుకుంటారు, ఈయన నాడి చూడకముందు చెప్పులు చూస్తాడని. నవ్వుకోనివ్వండి. స్టెరాయిడ్ రాసేముందు వాళ్లూ ఇప్పుడు అడుగుతున్నారు.

 భోజనాల దగ్గర మీ రిపోర్టులు చూపిస్తే చూస్తాను. ఫీజు లేదు. కానీ శాతం కాదు, అసలు అంకె చూపించండి.